తెరచాప నావలో సర్వతోముఖ కెమెరా



తెరచాప నావను నడపువానికి కారణమొక చోటను, కార్యమొక చోటను కనబడుచుండును. గాలి విసురు రాబోవుచున్నదనుటకు గుర్తు మొదట నావకు కొంత దూరమున, గాలి వచ్చు దిక్కున, నీటిమీద నల్లబారిన మచ్చగా గోచరించును. ఆ మచ్చ దగ్గరకు జరిగి నావను తాకిన క్షణమున చాపకు అతికించిన ఉన్నిపోగులు తత్తరపడును. నడపువాని వెనుకచేయి చుక్కాని పిడిని, ముందుచేయి చాపత్రాటిని సవరించును. నావ ఒక ప్రక్కకు ఒరుగును. వెనుక నీటిలో తీర్చినట్లున్న జాడ వంకర తిరుగును. కొద్ది సెకనులలో నాలుగు దిక్కులందును జరిగిపోవు ఈ సంగతులలో ఒకటి రెండింటిని మాత్రమే నడపువాడు చూడగలడు. ఒడ్డున దుర్భిణి పట్టుకొని నిలిచిన గురువు మరి రెండింటిని చూడగలడు. మామూలు కెమెరాను నావలో బిగించినచో అది తన ఎదుట నున్నదానిని మాత్రము పట్టుకొని తక్కినవానిని విడిచిపెట్టును. అన్ని దిక్కులను ఏకకాలమున చిత్రించి, ఏ దిక్కున చూడవలెనను నిర్ణయమును తీరిక వేళకు మిగిల్చియుంచు సర్వతోముఖ కెమెరా ఈ విద్యకై పుట్టినట్టి సాధనమని నా దృఢవిశ్వాసము. దానిని నావలో ఎక్కడ బిగింపవలెను, ఏ విధముగా వాడుకొనవలెను అను విషయమును ఈ పూట మీకు మనవి చేయుదును.

చుట్టును ఉన్నదంతయు ఒక్క చిత్రమున ఇముడ్చవలెనను కోరిక నేటిది కాదు. ఎడింబరోలో చిత్రకారుడుగా నుండిన రాబర్ట్ బార్కర్ అను నాతడు, ప్రేక్షకుని చుట్టును గుండ్రముగా వ్రేలాడు మహాచిత్రమునకు 1787లో పేటెంటు సంపాదించి, 1793లో లండను నగరమున లీసెస్టర్ స్క్వేర్ దగ్గర అందులకై ఒక వర్తులాకార భవనమునే నిర్మించెను. అందు తొలుత ప్రదర్శించిన చిత్రము స్పిట్‌హెడ్ రేవులో లంగరు వేసియున్న బ్రిటిషు నౌకాదళము. ప్రేక్షకులు నిలుచు వేదికను సైతము యుద్ధనౌక పైతట్టువలెనే అమర్చిరట. సర్వతోదృశ్యమును లండను ప్రజలు ఆ భవనమున మొట్టమొదట చూచినది ఓడమీద నిలిచిన భ్రాంతిలోనే యనుట నాకు మిక్కిలి ముచ్చట గొలుపు విషయము. అటుపిమ్మట 1906లో అమెరికా భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ వుడ్, నీటి అడుగునుండి పైకి చూచు చేపకు లోకమెట్లు కనబడునో పరిశోధించి వ్రాసెను. వెలుగు నీటిలో ప్రవేశించునపుడు వంగుటచే, నీటిపైనున్న అర్ధగోళమంతయు దాదాపు 97 డిగ్రీల శంకువులోనికి ముడుచుకొని ఆ చేప కంటికి చేరునని గ్రహించి, నీరు నింపిన కెమెరాతో అట్టి చిత్రమును తీసి చూపెను. నేడు ఫిష్‌ఐ లెన్సు అని మనము పిలుచు కటకమునకు పేరును ఊహయు అక్కడినుండియే వచ్చినవి.

ఇప్పటి సర్వతోముఖ కెమెరాలో అట్టి కటకములు రెండు వీపులానించి నిలిచియుండును. ఒక్కొక్కటి 180 డిగ్రీలకు మించి, సుమారు 200 డిగ్రీల వరకు చూచుటచే, రెండు చిత్రముల అంచులును కొంతమేర ఒకదానిపై నొకటి పడును. ఆ అంచులను గణకయంత్రము అతికి ఒక పూర్ణగోళమును చేయును. కెమెరా తూకము 200 గ్రాములకు అటునిటు. దానిని మోయు కర్ర రెండు కటకముల నడిమి సందున, ఏ కటకమునకును చిక్కక యుండుటచే, చిత్రములో అదృశ్యమైపోవును. చూచువారికి నావ వెనుక ఆకాశమున ఎవరో ఎగురుచు తీసినట్లు తోచును. అయితే ఈ మాయకు ఒక షరతు కలదు. కర్ర కెమెరా నడుమకు సరిగా నిటారుగా నుండవలెను. ఏటవాలుగా బిగించినను, గాలికి వంగినను అది చిత్రములో తల యెత్తును. అతుకు పడిన చోట దగ్గరి వస్తువులు చీలినట్లు కనబడును గనుక, ఒక కటకము నావ ముందుకొన వైపునకును, రెండవది వెనుక నీటిజాడ వైపునకును తిరుగునట్లు అమర్చుట ఉత్తమము. అట్లయిన నడపువాడును, చాపయు, త్రాళ్లును ముందరి కటకములోనే సమగ్రముగా ఇముడును. అతుకు రెండు ప్రక్కల ఖాళీ నీటిమీదుగాను, నడినెత్తి ఆకాశముమీదుగాను పోవును. ప్రక్కకు తిప్పి బిగించినచో ఆ అతుకు సరిగా నడపువాని ముఖము మీదనే పడి, ముక్కొకవైపు, చెవి యొకవైపు అగును.

ఇక బిగించు చోటు. హైదరాబాదు హుస్సేన్ సాగరమున తెరచాప పందెములను చూచినవారు మీలో అనేకులుందురు. నైరృతి ఋతుపవనపు గాలులు బలపడిన దినములలో, బుద్ధ విగ్రహమునకు చుట్టుప్రక్కల తెల్లని చాపలు గుంపులుగా తిరుగు దృశ్యము టాంక్‌బండు మీద పోవువారిని నిలువరించును. అక్కడ విరివిగా కనబడు నావ, ఒకప్పుడు లేజర్ అనియు నేడు ఇల్కా అనియు వ్యవహరింపబడు, ఒక్కరే నడపు ఒంటరి నావ. పొడవు 4.2 మీటర్లు, దేహపు తూకము 59 కిలోలు, పెద్ద చాప వైశాల్యము 7.06 చదరపు మీటర్లు, చిన్నవారికి 5.76, 4.7 చదరపు మీటర్ల చాపలు వేరుగా గలవు. ఇందు బిగింపు తగిలించుటకు అనువైన కడ్డీ లేదు, కటకటా లేదు. నునుపైన పైతట్టు, వెనుక అంచున చుక్కాని తగిలించు లోహపు కొక్కెములు, అంతే. కనుక కెమెరాకు స్థానము వెనుక అంచు నడుమ, చుక్కాని కొక్కెముల దాపుననే. ఆ చోటున ప్రమాదమేమన, గాలి వెనుకనుండి వచ్చుచుండగా చాపను ఒక ప్రక్కనుండి మరొక ప్రక్కకు త్రిప్పునపుడు, నావికులు జైబ్ అను ఆ క్షణమున, వదులైన చాపత్రాడు వెనుకకు జారి నావ మూలకు చుట్టుకొనుట ఈ నావకు పుట్టుకతో వచ్చిన దోషము. అచట మనము నాటిన కర్రకు ఆ త్రాడు తగులుకొనినచో నావ బోర్లపడక మానదు. కావున బిగింపు పలకకు మేకులు గాని, మూలలు గాని పైకి పొడుచుకొని రాకూడదు. కర్ర నావ అంచుకు వెలుపల జానెడు ఎడముగా నిలువవలెను. బిగించిన పిమ్మట, నీటిలో దిగకమునుపే, ఒడ్డుననే చాప అడుగు అంచును పట్టు అడ్డకొయ్యను, అనగా బూమ్‌ను, అటునిటు పదిమార్లు త్రిప్పి చాపత్రాడు ఎక్కడను చిక్కుకొనుట లేదని కండ్లార చూచుకొనవలెను. ఈ పరీక్షను విసుగనక చేయువారికే నా సలహాలో తక్కిన భాగము పనికివచ్చును.

కర్ర పొడవును గూర్చి అత్యాశ వలదు. మూడు మీటర్ల కర్రలు దొరకుచున్నవి. వానిపై నుండి తీసిన చిత్రము అద్భుతముగా నుండుననుట నిజము. కాని ఒక కొన బిగించి, రెండవ కొన మీద బరువుంచిన కర్ర వంగుట దాని పొడవు ఘనమునుబట్టి పెరుగును. పొడవు రెండింతలైన వంపు ఎనిమిదింతలగును. గాలి త్రోపు వేగపు వర్గమునుబట్టి పెరుగును. గాలి రెండింతలైన త్రోపు నాలుగింతలు. ఈ రెండును కలిసినపుడు మూడు మీటర్ల కర్ర కొసనున్న కెమెరా గాలపుబద్దవలె ఊగులాడి, ఏ పరికరమును స్థిరపరుపజాలని చిత్రమును ఇచ్చును. ఒంటరి నావకు ఒక మీటరు మొదలు మీటరున్నర చాలును.

పెద్ద నావలలో పని సులభము. సముద్రమున పోవు నావలకు వెనుక భాగమున ఉక్కు గొట్టపు కటకటా ఉండును. ఐ.ఎన్.ఎస్.వి. తారిణి వంటి పదునేడు మీటర్ల నావను తలచుకొనుడు. 2017 సెప్టెంబరులో గోవానుండి బయలుదేరి, 2018 మే నెలలో తిరిగి వచ్చిన ఆరుగురు నౌకాదళ వనితలు భూమండలమును చుట్టివచ్చినది ఆ నావలోనే. వారిలో ఇద్దరు మనవారు, విశాఖపట్టణపు పి. స్వాతి, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్య యని చెప్పుకొనుటకు నాకు గర్వముగా నున్నది. అట్టి నావలో గొట్టమునకు పట్టుబిగింపు తగిలించి, గొట్టమునకును పట్టునకును నడుమ రబ్బరు ముక్క నుంచి బిగించినచో అది జారదు; నున్నని ఉక్కుపై ఉత్త లోహపు పట్టు ఎంత బిగించినను అలల అదురునకు మెల్లగా తిరుగును. దిక్సూచికి మాత్రము దూరముగా నుంచవలెను. ఉక్కు బిగింపులును, అయస్కాంతముతో అతుకు మూతలును దిక్సూచి ముల్లును దారి తప్పింపగలవు. చిత్రము కొరకు దిక్కు పోగొట్టుకొనుట ఏ నావికునకును తగదు. కెమెరాను తెరచాపకొయ్య శిఖరమున నుంచిన మంచి దృశ్యము వచ్చును గదా యని కొందరందురు. నేను ఒప్పను. నావ అడుగున ఒక జానెడు ఒరిగిన, కొయ్య చివర బారలకొలది ఊగును. గాలిదిశ చూపు పరికరములకు అడ్డము. చెడినచో పైకెక్కి దింపువారెవరు? మీదుమిక్కిలి, అంత ఎత్తునుండి నడపువాని చేతులు కనబడవు, మనకు కావలసినదే ఆ చేతులు.

ఎక్కడ బిగించినను కెమెరాకు రెండవ ప్రాణముగా ఒక సన్నని గట్టి త్రాడుండి తీరవలెను. కెమెరా అడుగున నుండు పావు అంగుళపు మర అదురునకు వదులగుట సహజము. దానిని ఒక అదనపు వలయముతో బిగించుట మేలు. త్రాడును బిగింపునకు గాక కెమెరాను పట్టియుంచు చట్రమునకే కట్టి, రెండవ కొనను నావలో స్థిరమైన కొక్కెమునకు ముడివేయవలెను. బిగింపునకు కట్టిన త్రాడు, కెమెరా ఊడినపుడు బిగింపును మాత్రమే కాపాడును.

ఇప్పుడు నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచు విషయమునకు వచ్చుచున్నాను. ఈ కెమెరాలో గైరోస్కోపు అను సూక్ష్మపరికరము కలదు. అది కెమెరా ఏ క్షణమున ఎటు తిరిగినదో కొలిచి వ్రాసికొనుచుండును. పూర్ణగోళమంతయు చిత్రమైయున్నది గనుక, ఆ లెక్కనుబట్టి గోళమును ఎదురు త్రిప్పినచో క్షితిజరేఖ ఎల్లవేళల సమముగా నిలుచును. మామూలు కెమెరాలోవలె అంచులు కోసివేయవలసిన పనిలేదు. క్షితిజము నిలిచిన చిత్రమున నావ ఒరుగుట స్పష్టముగా కనబడును. ఒరుగుట ఎంత, ఏ గాలికి, ఎంతసేపు అని కొలుచుకొనవచ్చును. అభ్యాసము చేయువారికి ఇదియే కావలెను. కాని అదే గోళమును నావతోపాటు నిలిపి, క్షితిజమును ఊగనిచ్చు పద్ధతియు కలదు. అందు చూచువాడు నావలో కూర్చున్నవాడగును. లోకము వాలి, మరల లేచుచుండును. కథ చెప్పువారికి ఇది ఉచితము. ఏలయన, విశాలదృష్టి గల కటకము అలల ఎత్తును తగ్గించి చూపునను దోషము కలిగియున్నది. మీటరు అల సైతము చిత్రమున చదునైన నీరుగా కనబడును. క్షితిజము వాలినపుడు మాత్రమే సముద్రపు బలము ఇంట కూర్చున్నవారికి కొంత అనుభవమునకు వచ్చును. ఒకే చిత్రమును రెండు విధములుగా చూడగలుగుట ఈ సాధనము చేసిన ఉపకారము; ఏ ప్రయోజనమునకు ఏది యని ముందుగా నిశ్చయించుకొనుట మన బాధ్యత.

దీనికి గల హద్దులను గూడ తెలిసికొనవలెను. 5.7కే అను చిత్రము చుట్టుకొలత వెంబడి 5760 బిందువులు గలది. అందులో మనము ఒకసారి చూచునది నాలుగవ వంతు, అనగా 90 డిగ్రీల మేర. అంటే 1440 బిందువులు మాత్రమే. 8కే కెమెరాలో అది 1920 అగును. కావున దూరపు నావలు చీమలవలెనే మిగులును. వానిని దగ్గరకు లాగవలెనని చూచిన మసక తప్ప మరేమియు రాదు. నిలువ స్థలమును గూర్చియు చెప్పెదను. సెకనుకు 120 మెగాబిట్ల లెక్కన గంటకు 54 గిగాబైట్లు ఖర్చగును. పందెమంతయు తీయుటకంటె ఆరంభమును, గుర్తుబుడగల చుట్టును తిరుగు మలుపులను మాత్రము తీసికొనుట వివేకము. హైదరాబాదు మధ్యాహ్నపు ఎండలో కదలక నిలిచిన కెమెరా వేడెక్కి తనంతట తానే ఆగిపోవుటయు కలదు. గాలి తగులు ఎత్తున నుంచినపుడు ఈ బాధ తగ్గును.

శబ్దమును గూర్చి రేడియోలో మాటలాడువాడు మౌనము వహింపరాదు గదా. కర్ర కొసనున్న కెమెరాకు వినబడునది గాలి హోరు తప్ప వేరొకటి కాదు. నావ అడుగున నీరు గలగలలాడుట, చాప గాలికెదురైనపుడు టపటపలాడుట, కప్పీలో త్రాడు కిరకిరలాడుట, ఇవన్నియు నడపువానికి చాప స్థితిని చెప్పు భాషలు. అనుభవజ్ఞులు కండ్లు మూసికొనియే నావ మందగించినదని పసిగట్టుదురు. ఒక చిన్న ధ్వనిగ్రాహకమును నీరు చొరని సంచిలో నుంచి, నడపువాని ప్రాణరక్షక చొక్కా లోపల దాచి, తరువాత చిత్రముతో జతపరచినచో పాఠము సంపూర్ణమగును. ఆరంభమున ఒకసారి చప్పట్లు కొట్టినచో చిత్రమును శబ్దమును కలుపుట తేలిక.

కటకములు ఉబ్బెత్తుగా నుండుటచే వానికి కాపుదల లేదు. ఉప్పునీటి బిందువు ఎండి తెల్లని మచ్చ యగును. దానిని పొడిగుడ్డతో రుద్దినచో ఉప్పు రవ్వలే కటకమును గీయును. మొదట మంచినీటితో తడిపి, ఉప్పు కరగిన పిమ్మటనే మెత్తని గుడ్డతో అద్దవలెను. పదిమీటర్ల లోతున నీరు చొరదని చెప్పబడు కెమెరాకు ఆ హామీ మూతలన్నియు బిగుతుగా నున్నంతవరకే. నావలో బ్యాటరీ మార్చుట మానుకొనవలెను. ఒడ్డుకు చేరి, మంచినీట ముంచి, నీడన ఆరనిచ్చి, ఆ పిమ్మటనే మూత తెరచుట మంచిది.

తీసిన చిత్రమును చూచుటలోనే అసలు కృషి కలదు. తీరిక దొరికినది గదా యని దృష్టిని గిరగిర త్రిప్పుట, భూమినంతయు ఉండగా చుట్టి చిన్న గ్రహముగా చూపుట మొదలైన వేడుకలు చూచువానికి దిక్కు తెలియనీయవు. నాకు నచ్చు పద్ధతి వేరు. ఒకే మలుపును తీసికొని నాలుగుసార్లు చూడవలెను. మొదట గాలివైపు నీటిని మాత్రమే చూచి, నల్లని మచ్చ ఎప్పుడు తాకినదో గుర్తింపవలెను, రెండవమారు ఉన్నిపోగులను, మూడవమారు చేతులను, కడపట నీటిజాడను. ఒక బాలిక తన మలుపును ఇట్లు చూచుచుండగా నేను ప్రక్కన కూర్చుంటిని. మలుపున నావ ఆగిపోవుటకు తాను చుక్కానిని వేగముగా త్రోయుటయే కారణమని ఆమె అనుకొనుచుండినది. చేతులను చూచినపుడు చుక్కాని మెల్లగానే తిరిగినట్లు కనబడినది. ఉన్నిపోగులను చూచినపుడు తెలిసినదేమన, నావ తిరుగుటకు మూడు సెకనుల ముందే గాలి దిక్కు మారినది, ఆమె చూపు ఆ సమయమున గుర్తుబుడగ మీద నుండినది. అచటనే యున్న ఆమె గురువు ఒక్క మాటయు అనలేదు. బాలిక తనంతట తానే మరల ఆ చోటికి వెనుకకు జరిపి చూచికొనినది. నావికవిద్యలో తప్పును ఒప్పుకొనుట కంటె తప్పు ఎక్కడ జరిగినదో కనుగొనుట కష్టము. ఇట్టి పరిశీలనకై పందెములో కెమెరాను బిగించునపుడు మాత్రము ఆ తరగతి నావల నిబంధనలును, నిర్వాహకుల సూచనలును కెమెరాకు అనుమతి నిచ్చుచున్నవో లేదో ముందుగా చదివికొనవలెను.

చివరగా ఒక కోరికను మీ ముందుంచెదను. మన ఉత్తరాంధ్ర తీరమున తేలిక దుంగలను త్రాళ్లతో కలిపికట్టి, చాప యెత్తి, అలలను చీల్చుకొనిపోవు తెప్పలుండెడివి. 1980ల నుండి యంత్రములును, అటుపిమ్మట ఫైబరు పడవలును వచ్చి ఆ చాపలను చాలవరకు దింపివేసినవి. చాపతో తెప్పను నడపిన వృద్ధులు తీరగ్రామములలో ఇంకను ఉన్నారు. వారి విద్య పుస్తకమున లేదు. వారిని అడిగిన మాటలలో చెప్పుటయు కష్టమే, ఏలయన అది తెడ్డు పట్టిన చేయి, పాదమునకు తగులు నీరు, చాప నిండిన తీరు, ఒడ్డున కనబడు కొండ గుర్తు, ఇవన్నియు ఒక్కసారిగా కలిసిన జ్ఞానము. దానిని ముక్కలుగా చిత్రించిన ముక్కలే మిగులును. విశ్వవిద్యాలయములును, మత్స్యశాఖవారును పూనుకొని, చాప యెత్తగల వృద్ధులు గల ఊళ్లలో ఒక్కొక్క తెప్పకు వెనుక వైపున కెమెరా నిలిపి ఒక్కొక్క ప్రయాణమును ఆద్యంతము తీసిపెట్టవలెను. తెప్పకు కటకటాలు లేవు, కొక్కెములు లేవు. మరలతో దుంగను తొలిచినచో దానికి చేటు. వారు దుంగలను కట్టుకొను త్రాటితోనే, వారి ముడులతోనే, దుంగల సందున కర్రను నిలిపి కట్టించుకొనవలెను; అలలన్నియు పైనుండి పోవు ఆ వాహనమున అంతకంటె నమ్మదగిన బిగింపు లేదు. వారి అనుమతి పొంది, తీసిన చిత్రమును మొదట వారికే చూపి, ఏ క్షణమున ఏమి చూచి ఏమి చేసితిరని అడుగుచు వారి మాటలను దానితోపాటు భద్రపరుపవలెను. ఒక ప్రతిని వారి ఇంటనే ఉంచి రావలెను.